చిన్న కొట్లవాళ్ళ వకాల్తా

రికార్డు అనగానే మన ఇళ్ళల్లో చాలామందికి పాటకంటే ముందు కుక్క గుర్తొస్తుంది. గొట్టం ముందు చెవి రిక్కించి కూర్చున్న ఆ కుక్క బొమ్మ ఉంటేనే అసలైన రికార్డు అని ఒక నమ్మకం. మా అమ్మమ్మగారింట్లో ఒక రేకుపెట్టె నిండా రికార్డులుండేవి. వాటిలో కుక్క బొమ్మవి కొన్ని, కొలంబియావి కొన్ని, ఓడియన్‌వి కొన్ని. ఏ కంపెనీ రికార్డు గొప్పదన్న విషయం మీద మా మేనమామలిద్దరూ కంచాల ముందు కూర్చుని మరీ వాదించుకునేవారు. పెద్దమామయ్య కుక్క పక్షం, చిన్నమామయ్య కొలంబియా పక్షం. అన్నం చల్లారిపోతోందని అత్తయ్య విసుక్కున్నా సాగేది ఆ వాదన.

చెప్పొద్దూ, ఆ మూడు పేర్లకూ యజమాని ఒకడే! కుక్క బొమ్మ గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీ 1931లో లండన్‌లో కలిసిపోయి ఇ.ఎం.ఐ. అనే సంస్థగా ఏర్పడ్డాయి. ఓడియన్ అప్పటికే కొలంబియా చేతిలో ఉంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో మనకోసం రికార్డులు తయారుచేసిన కంపెనీ కూడా 1980ల మధ్యదాకా ఈ ఇ.ఎం.ఐ.వారి బిడ్డే. అంటే మా మామయ్యలిద్దరూ ఒకే దుకాణం వాకిట్లో నిలబడి, రెండు దుకాణాల తరఫున దెబ్బలాడుకున్నారన్నమాట.

అయితే ఏం? యజమాని ఒకడైతే నేమి, పదిమందైతే నేమి, పాట వినిపిస్తే చాలదా? అని మీరడగవచ్చు. ఈ ప్రశ్న మీదే యూరప్‌లో పాతికేళ్ళుగా ఒక తగాదా నడుస్తోంది. ఒక పక్క ప్రపంచమంతా కొమ్మలు చాచిన పెద్ద కంపెనీలు. రెండో పక్క ఇద్దరు ముగ్గురు మనుషులతో, ఒకటి రెండు గదుల్లో నడిచే చిన్న చిన్న రికార్డు కంపెనీలు. ఈ చిన్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని, పెద్దవాళ్ళ మీద కోర్టుకు వెళ్ళి, ఒకసారి గెలిచి, తర్వాత ఓడి, మళ్ళీ లేచి నిలబడ్డారు. ఆ కథ నాకు మహా ఇష్టం.

ముందు ఈ చిన్న కంపెనీల సంగతి కాస్త చెప్పాలి. 1976లో జెఫ్ ట్రావిస్ అనే యువకుడు లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే పేరుతో ఒక రికార్డుల కొట్టు పెట్టాడు. పెద్ద కొట్లలో దొరకని రికార్డులు అక్కడ దొరికేవి. ఎవరైనా సొంతంగా పాట రికార్డు చేసుకొస్తే పెట్టుకుని అమ్మేవాడు కూడా. అలా వచ్చినవాళ్ళలో డానియల్ మిల్లర్ ఒకడు. 1978లో ఇంట్లోనే టేపు రికార్డరు మీద రెండు పాటలు చేసుకుని, సొంత డబ్బుతో రికార్డు వేయించాడు. కంపెనీ పేరు మ్యూట్. మ్యూట్ అంటే మూగ. పాటల కంపెనీకి మూగ అని పేరు పెట్టినవాడు ఎలాంటివాడో మీరే ఊహించుకోండి! ఆ ఒక్క రికార్డుతో కంపెనీ మూసేద్దామనే అనుకున్నాడట. కానీ అట్టమీద వాళ్ళమ్మగారింటి చిరునామా వేశాడు. ఇక చూస్కోండి, ఎక్కడెక్కడి కుర్రాళ్ళూ తమ పాటల టేపులు ఆ ఇంటికి పంపడం మొదలుపెట్టారు. అలా పెరిగిన కంపెనీకి డెపెష్ మోడ్ అనే బృందం దొరికింది. వాళ్ళకీ మిల్లర్‌కీ మధ్య ఏళ్ళ తరబడి ఒప్పందపత్రం అంటూ లేదు, చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాటే. ఆ మాట మీదే వాళ్ళ రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి.

పెద్ద కంపెనీలు ఇలాంటి పని ఎందుకు చెయ్యవంటారా? చెయ్యవని కాదు. పెద్ద వంటశాలలో వెయ్యిమందికి వండేవాడు కొత్త కూర వండి చూడడానికి జంకుతాడు, అంతే. చెడితే నష్టం పెద్దది. ఇంట్లో నలుగురికి వండే ఇల్లాలే ప్రయోగాలు చేస్తుంది. బాగుందని తేలాక పెద్ద వంటవాడు వచ్చి ఆ కూర నేర్చుకుపోతాడు. పాటల వ్యాపారంలో మాత్రం కూరతోపాటు గిన్నే పట్టుకుపోయారు. ఐలండ్ అనే స్వతంత్ర కంపెనీని 1989లో పాలీగ్రామ్ కొనేసింది. వర్జిన్‌ని 1992లో ఇ.ఎం.ఐ. కొనేసింది. మన డానియల్ మిల్లర్ మ్యూట్‌ని కూడా 2002లో ఇ.ఎం.ఐ.యే కొన్నది. అమ్మినవాళ్ళను తప్పుపట్టలేం. అప్పులుంటాయి, వయసు మీద పడుతుంది, పిల్లల చదువులుంటాయి. ఆ కష్టం కొట్టు నడిపినవాళ్ళకే తెలుస్తుంది.

పెద్దవాళ్ళూ ఊరుకోలేదు, ఒకళ్ళనొకళ్ళు మింగుతూ వచ్చారు. ఆరుగురు పెద్దలుండేవారు. 1998లో యూనివర్సల్ యజమాని పాలీగ్రామ్‌ని కొనడంతో అయిదుగురయ్యారు. యూనివర్సల్, సోనీ, ఇ.ఎం.ఐ., వార్నర్, బి.ఎం.జి. 2000 జనవరిలో ఇ.ఎం.ఐ., వార్నర్ తమ పాటల వ్యాపారాలు కలిపేసుకుంటామన్నారు. అంటే నలుగురు.

అప్పటికి చిన్నవాళ్ళకు గుండె ఝల్లుమంది. మన కూరగాయల బజారు తీసుకోండి. అయిదుగురు అమ్మేవాళ్ళుంటే ఒకడి దగ్గర బేరం కుదరకపోతే రెండోవాడి దగ్గరికి పోతాం. నలుగురైతే సరే, ముగ్గురైతే ఒకరి ధర ఇంకొకరికి ఓరకంటే తెలిసిపోతుంది. ఎవరూ దిగరు. పాటల బజార్లో ఇంకో చిక్కుంది. రేడియోలో వినిపించడం, కొట్లో ముందు అరలో కనిపించడం, రెండూ పెద్ద కంపెనీ మాట మీద నడుస్తాయి. అరలో చోటు కొద్దిగానే ఉంటుంది కదా, పెద్దవాడు కాళ్ళు చాపుకుంటే చిన్నవాడు నిలబడాల్సిందే.

అదుగో అప్పుడు, అదే 2000 సంవత్సరంలో, యూరప్ దేశాల స్వతంత్ర కంపెనీలూ వాళ్ళ జాతీయ సంఘాలూ కలిసి ఒక సంఘం పెట్టాయి. పేరు ఇంపాలా. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చిన పేరే కానీ, ఇంపాలా అంటే ఆఫ్రికా మైదానాల్లో గెంతే జింక కూడా. మన చెవికి మాత్రం అందులో 'ఇంపు' వినిపిస్తుంది, పాటలవాళ్ళ సంఘానికి అంతకంటే ఏం కావాలి! ఇంటిపెద్దల్లో కొందరి పేర్లు చెబుతాను. బెల్జియంలో ప్లే ఇట్ ఎగైన్ సామ్ అనే కంపెనీ పెట్టిన ఇద్దరు మిత్రుల్లో ఒకడైన మిషెల్ లాంబో, లండన్‌లో బెగ్గర్స్ బాంక్వెట్ నడిపిన మార్టిన్ మిల్స్, పారిస్‌లో నాయీవ్ కంపెనీ యజమాని పాట్రిక్ జెల్నిక్. అమ్మకాల్లో ఒకరికొకరు పోటీదారులే. ఆస్తి తగాదాలో ఒకటయ్యే దాయాదుల్లాగా, ఈ ఒక్క విషయంలో ఒక్కటయ్యారు. తర్వాత్తర్వాత ఏళ్ళ తరబడి సంఘం తరఫున మాట్లాడింది హెలెన్ స్మిత్ అనే ఆవిడ.

సంఘాన్ని బ్రస్సెల్స్‌లోనే ఎందుకు పెట్టారంటే, యూరోపియన్ కమిషన్ ఉన్నది అక్కడే కనుక. 1990 నుంచి అక్కడొక చట్టం అమల్లో ఉంది. యూరప్ బజారుకు సంబంధించిన రెండు పెద్ద కంపెనీలు కలవాలంటే ముందు కమిషన్ అనుమతి తీసుకోవాలి. కమిషన్ వాళ్ళు ఇరుగుపొరుగుని పిలిచి అడుగుతారు, ఈ సంబంధం వల్ల మీకేమైనా ఇబ్బందా అని. మన పెళ్ళిళ్ళలో పక్కింటివాళ్ళకు వెయ్యడానికి అక్షింతలే ఇస్తాం, అభ్యంతరం చెప్పే హక్కు ఇవ్వం. కంపెనీల పెళ్ళిలో ఆ హక్కుంది! ఆ హక్కు వాడుకోవడమే ఇంపాలా వృత్తి. ఊరేగింపుల్లేవు, నినాదాల్లేవు. లెక్కలు పోగెయ్యడం, అర్జీలు రాయడం, అధికారి అడిగిన ప్రశ్నకు గడువులోపల జవాబివ్వడం. వినడానికి చప్పగా ఉంటుంది, నిజమే. రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలుస్తుంది ఆ చప్పదనంలో ఎంత ఓపిక ఉందో.

ఇ.ఎం.ఐ., వార్నర్‌ల పెళ్ళి ఆ ఏడాది అక్టోబరులో రద్దయింది. కమిషన్ ఒప్పుకునేలా లేదని తెలిసి వాళ్ళే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఇదంతా ఇంపాలా ఘనతే అని నేననను. కానీ పుట్టిన ఏడాదే శుభవార్త వినడం ఏ బిడ్డకైనా అదృష్టమే.

అసలు కథ 2004లో వచ్చింది. సోనీ, బి.ఎం.జి. కలుస్తామన్నాయి. మొదట కమిషనే అభ్యంతరాలు రాసి పంపింది. పెద్ద కంపెనీలు ఒకరి ధర ఒకరు కనిపెట్టుకుంటూ మూకుమ్మడిగా పెత్తనం చేసే ప్రమాదముందన్నది. తర్వాత ఏమైందో, కంపెనీల వాదన విన్నాక గిరుక్కున తిరిగి, జులై 19న ఏ షరతూ లేకుండా సరేనంది. రాయితీలు రకరకాలుగా ఉంటాయి కనుక ఒకరి ధర ఒకరికి స్పష్టంగా తెలియదు అన్నది దాని కారణం.

మామూలుగా అక్కడితో అయిపోవాలి. పెళ్ళయింది, భోజనాలయ్యాయి, పందిరి విప్పేశారు. ఇంపాలా మాత్రం లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టుకు వెళ్ళింది. అటు కమిషన్, పక్కన సోనీ, బెర్టెల్స్‌మాన్‌ల వకీళ్ళు. ఇటు చిన్న కొట్లవాళ్ళ సంఘం. 2006 జులై 13న తీర్పు వచ్చింది, కమిషన్ అనుమతి చెల్లదని! కమిషన్ చెప్పిన కారణాలు చాలవు, వాటికి చూపిన సాక్ష్యం నిలవదు, ముందు రాసిన అభ్యంతరాలకూ తర్వాతి నిర్ణయానికీ పొంతన కుదరలేదు అన్నారు న్యాయమూర్తులు. ధరలు తెలియవంటున్నారే, తెలియవని మీరు రుజువు చేశారా అన్నట్టు అడిగారు.

ఆ ఫలితం ఎక్కడెక్కడ పడిందో చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇ.ఎం.ఐ., వార్నర్ ఒకదాన్నొకటి కొనాలని మళ్ళీ పోటీపడుతున్నాయి. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే రెండూ ఆ ప్రయత్నం మానుకున్నాయి. అరవని కుక్కను చూసి దొంగ ఆగడు కదా. ఈ కుక్క అరవడమే కాదు, కరుస్తుందని కూడా తెలిసింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కమిషన్ మళ్ళీ మొదటినుంచీ విచారించి, 2007 అక్టోబరులో ఆ కలయికకు రెండోసారి కూడా సరేనంది. 2008 జులై 10న పై కోర్టు, కింది కోర్టు తీర్పులో చట్టపరమైన పొరపాట్లున్నాయని దాన్ని కొట్టేసింది. నాలుగేళ్ళ వ్యాజ్యం! ఆ మరుసటి నెలలోనే బెర్టెల్స్‌మాన్ తన సగం వాటాను సోనీకే అమ్ముకుని తప్పుకుంది. కోర్టులో వాదులాటకు కారణమైన ఆ జంట విడిపోయింది, ఇల్లు మాత్రం ఒకరికే దక్కింది.

మరైతే ఇంపాలాకు మిగిలిందేమిటి? నాకు తోచినదేమిటంటే, వాళ్ళకు అర్థమైన సంగతి ఒకటుంది. పెళ్ళి ఆపడం ప్రతిసారీ చేతకాదు. కానీ అభ్యంతరం చెప్పగలిగినవాళ్ళ మాటకు ఒక ధర ఉంటుంది. దాన్ని అడిగి పుచ్చుకోవచ్చు. 2007 ఫిబ్రవరిలో వాళ్ళు చేసిన పని చూస్తే మీరు బుగ్గన వేలేసుకుంటారు. వార్నర్ మళ్ళీ ఇ.ఎం.ఐ. మీద కన్నువేసింది. ఈసారి ఇంపాలా అడ్డుపడనంది. బదులుగా వార్నర్, కొన్ని రికార్డుల ఆస్తులు బయటికి అమ్ముతాననీ, చిన్న కంపెనీల ఉమ్మడి ఏర్పాటుకు డబ్బు సాయం చేస్తాననీ మాటిచ్చింది. ఏడేళ్ళుగా వద్దు వద్దన్నవాళ్ళు ఒక్కసారిగా సరే అంటే సొంతవాళ్ళకే గొంతు దిగలేదు. స్వతంత్రుల్లోనే కొందరు ఇది లొంగుబాటు అన్నారు. వాళ్ళ బాధ నాకర్థమైంది. కానీ ఇంటి ఖర్చు చూసుకునే ఆడదానిగా నేను రెండో పక్షమే. ఉత్త చేతులతో గౌరవంగా ఓడిపోవడంకంటే ఏదో ఒకటి చేతిలో పడ్డాక పక్కకు తప్పుకోవడం మేలు. తీరా చూస్తే ఆ బేరం కుదరనే లేదు. ఇ.ఎం.ఐ. వార్నర్‌ని కాదని అదే ఏడు టెర్రా ఫర్మా అనే పెట్టుబడి సంస్థ చేతికి పోయింది.

ఆ ఉమ్మడి ఏర్పాటు మాత్రం నిలబడింది. దాని పేరు మెర్లిన్. పాటలు ఇంటర్‌నెట్‌లోకి వచ్చేశాక ఒక చిన్న కంపెనీ ఒంటరిగా వెళ్ళి, మా పాటకింత ఇవ్వండి అని అడిగితే ఎవరు వింటారు? ఆవకాయ కాలంలో మా వీధిలో పది ఇళ్ళవాళ్ళం కలిసి మార్కెట్‌యార్డుకెళ్ళి మిరపకాయలు బస్తాల్లెక్కన తెచ్చుకునేవాళ్ళం. విడిగా కిలో అడిగినప్పుడు తల కూడా ఎత్తని వ్యాపారి, పది ఇళ్ళ పేరు చెప్పగానే కుర్చీ వేశాడు. మెర్లిన్ చేసింది అదే. వేల చిన్న కంపెనీల పాటల తరఫున ఒకే గొంతుతో బేరమాడింది. స్పాటిఫై అనే పాటల సర్వీసు 2008లో మొదలైనప్పుడు మెర్లిన్ దానితో ఒప్పందం చేసుకుని, అందులో చిన్న వాటా కూడా సంపాదించింది. 2018లో స్పాటిఫై షేర్లు బజారుకు రాగానే ఆ వాటా అమ్మి, వచ్చిన సొమ్ము సభ్యులకు పంచిపెట్టింది.

ఇ.ఎం.ఐ. సంగతి చెప్పలేదు కదూ. టెర్రా ఫర్మా అప్పు తీర్చలేకపోయింది. 2011 ఫిబ్రవరిలో అప్పిచ్చిన సిటీగ్రూప్ బ్యాంకు కంపెనీని స్వాధీనం చేసుకుంది. అదే నవంబరులో రికార్డుల భాగాన్ని యూనివర్సల్ 120 కోట్ల పౌన్లకు బేరం చేసుకుంది. నలుగురు పెద్దలు ముగ్గురవుతారు. ఇంపాలా మళ్ళీ అర్జీలు పట్టుకుంది. మార్టిన్ మిల్స్ అమెరికాకు వెళ్ళి అక్కడి సెనేట్ ఉపసంఘం ముందు కూడా సాక్ష్యం చెప్పాడు. ఈసారి కమిషన్ గట్టిగానే మాట్లాడింది. 2012 సెప్టెంబరు 21న సరే అంది కానీ, పార్లోఫోన్ అమ్మాలి, క్రిసలిస్ అమ్మాలి, మ్యూట్ అమ్మాలి, ఫ్రాన్సు, స్పెయిన్ మొదలైన దేశాల్లో ఇ.ఎం.ఐ. శాఖలు అమ్మాలి అని పెద్ద జాబితా ఇచ్చింది. బీటిల్స్ పాటలు మాత్రం యూనివర్సల్ తన దగ్గరే ఉంచుకుంది. పుట్టింటి నగల్లో కాసులపేరు దాచుకుని మిగతావి అమ్మినట్టు.

పార్లోఫోన్‌ని 2013లో వార్నర్ 48 కోట్ల 70 లక్షల పౌన్లకు కొన్నది. ఇంపాలాకు ఈసారీ మాటిచ్చింది, కొన్ని పాటల హక్కులు చిన్న కంపెనీలకు అమ్ముతానని. ఆ మాట నిలబడింది. వాటిలో నాకు నచ్చింది రేడియోహెడ్ బృందం కథ. ఇ.ఎం.ఐ. కొత్త యజమానులతో పడక వాళ్ళు 2007లో బయటికొచ్చి, కొత్త పాటలు తామే ఇంటర్‌నెట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇవ్వండి అన్నారు. పాత పాటలు మాత్రం ఇ.ఎం.ఐ. ఇంట్లోనే ఉండిపోయాయి. 2016లో అవి ఎక్స్.ఎల్. అనే లండన్ స్వతంత్ర కంపెనీకి చేరాయి. 2007నాటి ఆ పాటల రికార్డు వేసింది కూడా ఎక్స్.ఎల్.లే. విడిగా కాపురం పెట్టినవాళ్ళ సామాను తొమ్మిదేళ్ళ తర్వాత లారీలో వచ్చి దిగిందన్నమాట. అన్నట్టు, మీ అమ్మాయిలు వినే అడెల్ '21' అనే ఆల్బమ్ ఉందే, దాన్ని యూరప్‌లో తెచ్చింది కూడా ఈ ఎక్స్.ఎల్.లే.

మధ్యలో 2014లో యూట్యూబ్‌తో ఒక గొడవ జరిగింది. డబ్బు చెల్లించి వినే సర్వీసు పెడుతూ, చిన్న కంపెనీలకు పెద్దవాళ్ళకంటే తక్కువ షరతులు చూపించి, సంతకం పెట్టకపోతే మీ వీడియోలు ఉండవన్నారని వాళ్ళ ఆరోపణ. ఇంపాలా జూన్‌లో కమిషన్‌కు ఫిర్యాదు చేసింది, నవంబరుకల్లా మెర్లిన్‌తో ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు ఇంపాలాలో దాదాపు 6,000 మంది సభ్యులున్నారు. యూరప్‌లో కొత్తగా వచ్చే పాటల్లో 80 శాతానికి పైగా తమవేనని వాళ్ళ లెక్క. అమ్ముడయ్యే వాటిలో మాత్రం సింహభాగం పెద్దవాళ్ళదే. అమ్మకాలూ ఆగలేదు. బెల్జియంలో మిషెల్ లాంబో, తన మిత్రుడు కెన్నీ గేట్స్‌తో కలిసి 1980ల మొదట్లో పెట్టిన ప్లే ఇట్ ఎగైన్ సామ్ ఉందే, 2022లో అందులో దాదాపు సగం వాటా యూనివర్సల్ కొన్నది. 2024లో మిగతా సగమూ కొనేసింది. ఇంపాలా గడపకు ముగ్గువేసినవాళ్ళ కంపెనీ అది! ఈ వార్త చదివినప్పుడు నాకు కాసేపు కాఫీ సహించలేదు. ఎవరో దగ్గర బంధువు పొలం అమ్ముకున్నారని తెలిసినట్టనిపించింది.

ఆ 2024 డిసెంబరులోనే యూనివర్సల్ ఇంకో బేరం బయటపెట్టింది. డౌన్‌టౌన్ అనే కంపెనీని 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొంటామని. డౌన్‌టౌన్ ముఖ్యంగా చిన్న కంపెనీలకు పనిచేసిపెట్టే సంస్థ. వాళ్ళ పాటలు ఊరూరా చేరవేస్తుంది, ఎవరికెంత రాయల్టీ రావాలో లెక్క కట్టే పద్ధతి కూడా దాని చేతిలో ఉంది. ఆ లెక్కలు చూస్తే ఏ చిన్న కంపెనీకి ఏ గాయకుడి మీద ఎంత వస్తోందో ఇట్టే తెలుస్తుంది. మీ ఇంటి పద్దుల పుస్తకం పక్కింటావిడ బీరువాలో ఉంటే మీరు నిద్రపోతారా? ఇంపాలా మళ్ళీ అభ్యంతరం చెప్పింది. 2025 జులైలో కమిషన్ లోతైన విచారణకు దిగింది. నవంబరులో యూనివర్సల్‌కు తన అభ్యంతరాలు రాసి పంపింది, అందులో ముఖ్యమైనది ఈ పద్దుల పుస్తకం సంగతే.